ఎడారిలో రాత్రి బస: ఎత్తు చూసి, ప్లగ్గు చూసి

కొడుకో బిడ్డో అమెరికాలో ఉన్న ఇళ్లు ఇప్పుడు మన వాడల్లో తక్కువేం కాదు. షోలాపూర్‌లో మా గల్లీ ఒక్కదాంట్లోనే నాలుగిళ్ల పెద్దవాళ్లు పోయి, ఆర్నెల్లు ఉండి వచ్చారు. అందరూ న్యూయార్కు, నయాగరా ముచ్చట్లే చెప్తారు. పిల్లలు ఫీనిక్స్ దిక్కు ఉంటే మాత్రం లెక్క వేరు. ఫీనిక్స్ అనగానే మా ఆయనకు పరేల్‌లో మిల్లు గుర్తొస్తుంది, ఇప్పుడు అక్కడ మాల్ ఉంది గదా, అది. మా పెద్దోడు ఉండే ఫీనిక్స్ అమెరికాలో నైరుతి మూల, ఆరిజోనా రాష్ట్రంలో ఉంది. చుట్టూ ఎడారి. ఎడారి అంటే ఇసుక దిబ్బలే అనుకోకండి. ఎర్ర రాతి కొండలు, ముళ్ల పొదలు, ముప్పై నలభై అడుగులు పెరిగే సాగువారో జెముడు చెట్లు, ఊరికీ ఊరికీ మధ్య గంటల తరబడి ఖాళీ రోడ్డు.

అక్కడ చూసే జాగాలు దూరం దూరం. పొద్దున పోయి రాత్రికి ఇల్లు చేరడం అన్నిచోట్లా కుదరదు. అందుకని జనం క్యాంప్‌గ్రౌండ్లలో దిగుతారు. అంటే బస చేసే మైదానం. అందులో మూడు రకాలు. డేరా వేసుకునే జాగా ఒకటి. ఆర్వీ అని, లోపలే పడక, వంట, పాయిఖానా ఉన్న పెద్ద బండి నిలుపుకునే జాగా ఒకటి. చిన్న కట్టె గది, దాన్ని క్యాబిన్ అంటారు, అది మూడోది. హోటలు కన్నా చాలాచోట్ల చవక, ఆకాశం కింద పడుకున్నట్టు ఉంటుంది. పిల్లలకు అదొక సరదా. పెద్దవాళ్లను తీసుకుపోయేటప్పుడు ఏది ఎంచుకోవాలి, ఎట్లా ఎంచుకోవాలి అన్నది నాకు తెలిసినంత రాస్తున్నాను. 2024 నవంబరులో మేము తిరిగి వచ్చిన తరువాత అడిగినవాళ్లు చాలామంది ఉన్నారు.

ముందు మా ఇంటి సంగతి చెప్పాలి, లేకుంటే మిగతాది అర్థం కాదు. మా ఆయన ముప్పై ఒక్క ఏండ్లు మిల్లులో కార్డింగు ఖాతాలో చేశారు. దూది దుమ్ము ఊపిరితిత్తుల్లో కూర్చున్నది. సెలవు రోజు బాగుండి సోమవారం పనిలోకి పోగానే ఛాతీ బిగపట్టేది మనవాళ్లలో ఎంతమందికి లేదు? డాక్టర్లు దానికి బిస్సినోసిస్ అని పేరు పెట్టారు. మిల్లు వదిలి ఇన్నేండ్లయినా ఇప్పటికీ పొద్దున ఒకసారి, పడుకునే ముందు ఒకసారి నెబ్యులైజర్ మెషిన్ పెట్టుకోవాల్సిందే. ఒక్కోసారి నడిరాత్రి కూడా.

పెద్దోడు ఉత్సాహంగా ఒక పట్టీ రాసి పెట్టాడు. ఆర్వీ కిరాయికి తీసుకోవాలి, గ్రాండ్ క్యాన్యన్, మాన్యుమెంట్ వ్యాలీ, జాయన్, డెత్ వ్యాలీ, అన్నీ ఏడు రోజుల్లో.

"బాపూ, ఇల్లే చక్రాల మీద వస్తది. నువ్వు పండుకునే పోవచ్చు" అన్నాడు.

"ఇల్లు వస్తది లేరా, గాలి వస్తదా?" అన్నారు మా ఆయన.

నవ్వుతూ అన్న మాటే గాని అసలు ప్రశ్న అదే. ఎడారి అనగానే మనం వేడి గురించి భయపడతాం. ఊపిరి తక్కువున్న మనిషికి వేడి ఎంత ముఖ్యమో ఎత్తు అంతే ముఖ్యం. మన షోలాపూర్ సముద్రం కన్నా సుమారు 1,500 అడుగుల ఎత్తు. ఫీనిక్స్ 1,100. ఇదే ఆరిజోనాలో గ్రాండ్ క్యాన్యన్ దక్షిణపు అంచు దాదాపు 7,000 అడుగులు, అంటే మన ఊటీ ఎత్తు. ఉత్తరపు అంచు 8,000. ఏడు వేల అడుగుల మీద ఊపిరికి అందే ఆక్సిజన్ సముద్రం దగ్గర అందేదాంట్లో ముప్పావు వంతు. బాగున్నవాళ్లకు కొంచెం ఆయాసం, తలనొప్పి, అంతే. మా ఆయనలాంటి వాళ్లకు రాత్రి నిద్రలో అది ఇంకా తగ్గుతుంది. డాక్టరు సూటిగా చెప్పాడు: "పగలు ఎక్కి చూసి దిగండి. పడుకోవడం మాత్రం కింద పడుకోండి. వేలికి పెట్టే ఆక్సిమీటరులో 85 కన్నా తగ్గితే చూసింది చాలని వెంటనే దిగిపోండి."

ఇంకో మాట కూడా చెప్పాలి. పెద్దవాళ్లకు తీసుకునే ట్రావెల్ ఇన్సూరెన్సు చాలావాటిలో పాత రోగానికి డబ్బు రాదు. ఆ దేశంలో ఒక్క రాత్రి ఆస్పత్రిలో పెడితే ఏమవుతుందో మీకు తెలుసు. పెద్దోడి మూడేండ్ల పొదుపు పోతుంది. అందుకని ఈ ఎత్తుల లెక్క మా ఇంట్లో సరదాకి వేసింది కాదు.

కోడలు కాయితం మీద అన్ని జాగాల ఎత్తులు రాసింది. డెత్ వ్యాలీలో ఫర్నెస్ క్రీక్ సముద్రం కన్నా 190 అడుగులు కిందికే ఉంది. అక్కడ ఊపిరికి ఢోకా లేదు గాని ఎండాకాలం పోయే జాగా కాదు, 1913 జూలై 10న 56.7 డిగ్రీలు నమోదైంది అక్కడే. జాయన్ లోయ అడుగు 4,000. సెడోనా 4,300, మన మహాబలేశ్వరం ఎత్తు. మాన్యుమెంట్ వ్యాలీ 5,000 దాటింది. ఫ్లాగ్‌స్టాఫ్ ఊరు 7,000. వెయ్యి అడుగులు ఎక్కితే సుమారు రెండు డిగ్రీలు చల్లబడుతుంది. కాబట్టి ఎండాకాలంలో కింద గాలి ఉంటుంది, వేడి చంపుతుంది. పైన చల్లగా ఉంటుంది, గాలి పలచన. రెండూ కలిసి వచ్చేది అక్టోబరు చివర నుంచి ఏప్రిల్ దాకా కింది జాగాల్లోనే. మేము నవంబరు పెట్టుకున్నది అందుకే.

ఎత్తు తరువాత చూడాల్సింది ప్లగ్గు. గ్రాండ్ క్యాన్యన్‌లో మాథర్ అనే క్యాంప్‌గ్రౌండ్ పెద్దది, పేరున్నది. అక్కడ మన జాగా దగ్గర కరెంటు ఉండదు. జనరేటరు పెట్టుకుందామంటే పార్కుల్లో రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా చప్పుడు చేయకూడదు. మా ఆయనకు మెషిన్ కావాల్సింది ఆ వేళలోనే. ఆ పక్కనే ట్రైలర్ విలేజ్ అని ఉంది. అక్కడ కరెంటు, నీళ్లు, మురుగు గొట్టం మూడూ ఇస్తారు. దాన్ని ఫుల్ హుకప్ అంటారు, బుక్ చేసేటప్పుడు ఈ మాట గుర్తుంచుకోండి. కాని అది కూడా ఏడు వేల అడుగుల మీదే. మాకు పనికిరాదు.

కరెంటులో కూడా తేడాలున్నాయి. సాంచాల కార్ఖానాలో పనిచేసినవాళ్లకు ఇది చెప్పక్కరలేదు, అయినా చెప్తాను. అమెరికాలో ఇంటి కరెంటు 120 వోల్టులు. మన 230 వోల్టుల నెబ్యులైజర్, మిక్సీ అక్కడ నడవవు. ప్లగ్గు ఆకారం మార్చే చిన్న అడాప్టరు వోల్టేజిని మార్చదు. పెద్దోడు మేము పోకముందే అక్కడి మెషిన్ తెచ్చిపెట్టాడు. ఆర్వీ జాగాల్లో 30 ఆంపులు, 50 ఆంపులు అని రెండు రకాలు రాసి ఉంటాయి. 30 ఆంపులంటే మొత్తం 3,600 వాట్లే. ఏసీ నడుస్తుండగా మైక్రోవేవ్ పెడితే ట్రిప్ అవుతుంది. 50 ఆంపులంటే కొంచెం ఎక్కువ అనుకుంటారు గాని అందులో రెండు లైన్లు వస్తాయి, 12,000 వాట్ల దాకా. ఎండాకాలంలో పెద్ద బండితో పోయేవాళ్లు 50 ఆంపుల జాగానే అడగాలి.

ఇగ ఆర్వీయా, క్యాబినా? పెద్దోడికి ఆర్వీ మీదే మనసు. ఆ బండి గ్యాలన్ పెట్రోలుకు పది మైళ్లు కూడా ఇవ్వదు చాలాసార్లు. బండికి కిరాయి, మైలుకు ఇంత అని కిరాయి, మళ్లీ రాత్రికి జాగా కిరాయి. పాయిఖానా ట్యాంకు నిండితే గొట్టం పట్టుకుని ఖాళీ చేసేది మనమే. ఈ ముక్క చెప్పినప్పుడు పెద్దోడి ముఖం చూడాలి! ప్రైవేటు పార్కుల్లో కొన్ని 55 ఏండ్లు దాటినవాళ్లకే, మనవళ్లు వెంట ఉంటే రానివ్వరు. కొన్ని పదేండ్లు దాటిన పాత బండిని రానివ్వవు. ఆర్వీ చెడ్డదని కాదు. నెలల తరబడి తిరిగేవాళ్లకు అది ఇల్లే. చలికాలంలో ఉత్తరాది ముసలివాళ్లు ఎందరో ఈ బండ్లతో ఆరిజోనా వచ్చి ఏప్రిల్ దాకా ఉంటారు. క్వార్ట్‌జ్‌సైట్ అనే చిన్న ఊరి చుట్టూ సర్కారు భూముల్లో వాళ్లు ఏకంగా ఒక పట్నమే లేపుతారు. ఆ ఊళ్లో హాయ్ జాలీ అని పిలిచిన హాజీ అలీ సమాధి ఉంది. 1850లలో అమెరికా సైన్యం ఎడారిలో సామాను మోయడానికి ఒంటెలు తెప్పించి, వాటిని నడిపేందుకు తెచ్చుకున్నవాళ్లలో ఆయన ఒకరు. పరాయి దేశం నుంచి పని కోసం పోయినవాడు, అక్కడి మట్టిలోనే కలిసిపోయాడు. సమాధి పైన రాగి ఒంటె బొమ్మ పెట్టారు. మనం చూడలేదు గాని ఆ దారిలో పోయేవాళ్లు ఆగండి.

నాలుగైదు రోజుల ప్రయాణానికి, అందునా రోగి వెంట ఉంటే, కారు, క్యాబిన్ మేలని నా మాట. అయితే క్యాబిన్ అని రాసి ఉన్నంతమాత్రాన హోటలు గది అనుకోవద్దు. కేఓఏ అని 1962లో మోంటానాలో మొదలైన కంపెనీ ఉంది, పసుపు బోర్డులతో రోడ్ల పక్కన కనబడుతుంది. వాళ్ల మామూలు క్యాబిన్‌లో పాయిఖానా ఉండదు, దుప్పట్లు ఉండవు. డీలక్స్ అన్నదాంట్లో ఉంటుంది. ఆరిజోనా స్టేట్ పార్కుల క్యాబిన్లు కూడా మామూలు రకమే: మంచం, పరుపు, పైన పిల్లలకు మెట్ల మంచం, దీపం, ప్లగ్గు, వేడికీ చల్లదనానికీ మెషిన్. నల్లా లేదు. లోపల వంట చేయకూడదు. బయట బల్ల మీద గ్యాసు స్టౌ పెట్టుకోవాలి. మేము కుక్కరు తీసుకుపోయాం. పప్పు, అన్నం, ఉల్లిగడ్డ కారం. పక్క జాగా వాళ్లు కుక్కరు విజిలుకు ఒకసారి లేచి చూసి మళ్లీ కూర్చున్నారు.

మేము చేసిన ఒక మంచి పని చెప్తాను. అసలు ప్రయాణానికి వారం ముందు, ఇంటికి గంట దూరంలో ఉన్న లాస్ట్ డచ్‌మన్ స్టేట్ పార్కులో ఒక్క రాత్రి క్యాబిన్ తీసుకుని పడుకున్నాం. ఊరికే పరీక్షకు. ఆ రాత్రి మా ఆయన రెండుసార్లు లేచి బాత్రూముకు నడవాల్సి వచ్చింది. చీకట్లో, చలిలో. దాంతో తరువాతి బుకింగులో కోడలు పార్కు నక్షా తెరిచి, బాత్రూముకు అన్నిటికన్నా దగ్గరున్న క్యాబిన్ నంబరు వెతికి అదే తీసుకుంది. ప్లగ్గు మంచానికి ఏ పక్కన ఉంటుందో తెలిసింది, కాబట్టి ఎక్స్‌టెన్షన్ తీగ పెట్టుకున్నాం. చెప్పులు తొడిగే ముందు దులపాలని కూడా అక్కడే నేర్చుకున్నాం, తేళ్లు దూరతాయి.

అసలు బసకు ఎంచుకున్నది కాటన్‌వుడ్ అనే చిన్న ఊరు. పేరులో కాటన్ ఉంది, మిల్లు లేదు, అది ఒక చెట్టు పేరు. ఎత్తు 3,300 అడుగులు. ఊళ్లోనే ఆస్పత్రి ఉంది, ఫోను సిగ్నలు ఉంది. వర్డే నది పక్కన స్టేట్ పార్కు, దాని పేరు డెడ్ హార్స్ ర్యాంచ్, అంటే చచ్చిన గుర్రం పొలం! 1940లలో ఒక కుటుంబం పొలం కొనడానికి తిరుగుతుంటే ఒకచోట దారి పక్కన గుర్రం చచ్చి పడి ఉందట. ఏ పొలం నచ్చిందని పిల్లల్ని అడిగితే గుర్రం చచ్చిపడిన పొలం అన్నారట. తరువాత సర్కారుకు అమ్మినప్పుడు కూడా ఆ పేరు తీయొద్దని షరతు పెట్టారు. ఇట్లాంటి పేరున్నచోటికి రోగిని తీసుకుపోతావా అని ఇండియా నుంచి మా ఆడబిడ్డ ఫోనులో కోప్పడింది. పేరు చూడలేదమ్మా, ఎత్తు చూసిన అన్నాను.

అక్కడి నుంచి గ్రాండ్ క్యాన్యన్ సుమారు రెండున్నర గంటల దారి. పొద్దున మెషిన్ పెట్టుకుని ఏడింటికి బయలుదేరాం. అంచు దగ్గర నిలబడ్డప్పుడు ఎవరూ మాట్లాడలేదు. పొడవు 446 కిలోమీటర్లు, లోతు మైలు, అడుగున కొలరాడో నది సన్నటి దారంలాగా. వేలికి ఆక్సిమీటరు పెడితే కింద 94 ఉన్నది 87 చూపించింది. మా ఆయన బెంచీ మీద కూర్చున్నారు. కోడలు పక్కనే గడియారం చూస్తూ. పది నిమిషాలకు 89 అయింది. ఇంకో చూపు జాగాకు నడుద్దాం అన్నారు ఆయన. నేను వద్దన్నాను. ఇంతదూరం వచ్చి బెంచీ మీద కూర్చోడానికా అని విసుక్కున్నారు. పార్కులో ఉచిత బస్సు తిరుగుతుంది, ఎక్కించాం. అద్దంలో నుంచి నాలుగు జాగాలు చూశారు. లోయ అడుగున ఫాంటమ్ ర్యాంచ్ అని 1922 నాటి క్యాబిన్లు ఉన్నాయి. కాలినడకన గాని, కంచరగాడిద మీద గాని, నదిలో పడవ మీద గాని పోవాలి తప్ప రోడ్డు లేదు. లాటరీలో పేరు రావాలి. అది 2,500 అడుగుల ఎత్తే అని చెప్తే మా ఆయన, "గాలి ఉన్న కాడ పండుకోవాలంటే గాలి లేని కాడికి మళ్ల ఎక్కి రావాలె. మిల్లు పనే ఇది కూడా" అన్నారు. మూడు గంటలున్నాం. ఒంటి గంటకు కదిలాం.

తూర్పు గేటు నుంచి కిందికి దిగితే కామెరూన్ అనే జాగా వస్తుంది, 4,200 అడుగులు. నవహో జాతి వాళ్ల నేల అది. ఆర్వీ ఉన్నవాళ్లకు అక్కడ హుకప్‌లతో జాగా ఉంది, లోయకు దగ్గర, ఎత్తు తక్కువ. మాలాంటి అవసరం ఉండి ఆర్వీతో పోయేవాళ్లు ఇది చూసుకోండి. ఆ భూమిలో మందు నిషేధం. గడియారం సంగతి కూడా గమ్మత్తే: ఆరిజోనా రాష్ట్రం ఎండాకాలంలో గడియారం మార్చదు, నవహో వాళ్లు మారుస్తారు, వాళ్ల మధ్యలో ఉన్న హోపీ వాళ్లు మార్చరు. అక్కడ కొట్టులో నవహో వాళ్లు నేసిన ఉన్ని జంపకానాలు చూశాం. వాళ్ల మగ్గం నిలువుగా ఉంటుంది, గుంట లేదు, నాడె విసరడం లేదు, పోగు పోగు చేత్తో దూర్చి దువ్వెనతో దిగగొడతారు. సాలీడమ్మ తమకు నేత నేర్పిందని వాళ్ల నమ్మకం. మా ఆయన అంచు తిప్పి వెనకవైపు చూసి, పోగులు లెక్కపెట్టి, ధర చీటీ చూసి, "ఈ ధర న్యాయమే" అన్నారు. షోలాపూరు చద్దరు కొనేవాళ్లు ఆ మాట అనగా నేను ఎన్నడూ వినలేదు.

మర్నాడు జెరోమ్ పోయాం, కాటన్‌వుడ్‌కు పైన కొండ మీద, 5,000 అడుగులు. ఒకప్పుడు రాగి గని ఊరు, వేలమంది పనివాళ్లు. 1953లో గని మూసేస్తే ఊళ్లో వంద మంది కూడా మిగల్లేదు. ఇప్పుడు కాఫీ దుకాణాలు, బొమ్మల దుకాణాలు. గని నూతి మీద అద్దం పరిచి ఉంది, దాని మీద నిలబడి 1,900 అడుగుల లోతుకు చూడొచ్చు. 1917 జూలైలో సమ్మె చేసిన పనివాళ్లను, అరవై మందికి పైగా, తుపాకులతో పట్టి పశువుల రైలు పెట్టెల్లోకి ఎక్కించి ఊరు దాటించారట. రెండు రోజులకు అదే రాష్ట్రంలో బిస్బీలో దాదాపు 1,200 మందిని అట్లాగే తోలి, పక్క రాష్ట్రపు ఎడారిలో వదిలేశారు. పెద్దోడు ఫోనులో చదివి చెప్తుంటే మా ఆయన అద్దం మీద అట్లాగే నిలబడి విన్నారు. 1982 సమ్మెలో ముంబై నుంచి ఖాళీ చేతులతో తిరిగొచ్చిన వాళ్ల అన్నయ్యను తలుచుకున్నారు. ఆక్సిమీటరు చూడడం ఆ గంటసేపు మేమంతా మరిచాం. చూస్తే 91, బాగానే ఉంది.

మాన్యుమెంట్ వ్యాలీ, జాయన్, డెత్ వ్యాలీ ఈసారికి వదిలేశాం.

ఈ ఏడాది పోయేవాళ్లకు డబ్బు సంగతి. 2026 జనవరి నుంచి గ్రాండ్ క్యాన్యన్, జాయన్, బ్రైస్ వంటి పదకొండు పెద్ద నేషనల్ పార్కుల్లో ఆ దేశంలో కాపురం లేనివాళ్లకు, 16 ఏండ్లు దాటితే, తలకు 100 డాలర్లు అదనం. బయటివాళ్లకు ఏడాది పాసు 250 డాలర్లు. ముసలివాళ్ల చవక పాసు అక్కడి పౌరులకు, గ్రీన్‌కార్డు వాళ్లకే, విజిట్ వీసా మీద పోయిన మనకు రాదు. స్టేట్ పార్కులకు, నవహో పార్కులకు ఈ లెక్క లేదు, వాళ్ల టికెట్టు వాళ్లదే. నేషనల్ పార్కు క్యాంప్‌గ్రౌండ్లు చాలావరకు ఆర్నెల్ల ముందే తెరుస్తారు, మంచి తేదీలు వెంటనే నిండిపోతాయి. వీసా రాగానే పిల్లలకు చెప్పండి.

మా గల్లీ చివరింటి వదిన జూన్‌లో పోతున్నది, బిడ్డ ఫీనిక్స్‌లోనే. ఆమెకు బీపీ, మోకాళ్ల నొప్పి, ఊపిరి మాత్రం గట్టిది. ఆమెకు మా కాటన్‌వుడ్ చెప్పలేదు. 2023లో ఫీనిక్స్‌లో వరుసగా 31 రోజులు 43 డిగ్రీలు దాటింది. ఆ ఏడు ఆ జిల్లాలో ఎండకు 645 మంది చనిపోయారు. అప్పుడు కిందిచోట క్యాబిన్‌లో ఏసీ ఆగితే ఏం చేస్తారు? ఆమెను ఫ్లాగ్‌స్టాఫ్ దిక్కు, పైకే పొమ్మన్నాను. అయితే గ్రాండ్ క్యాన్యన్ ఉత్తరపు అంచు మీద ఆశ పెట్టుకోవద్దన్నాను, 2025 జూలైలో కార్చిచ్చుకు అక్కడి లాడ్జి, క్యాబిన్లు కాలిపోయాయి. మొదటి రోజు నడవకుండా కూర్చోమన్నాను. మనిషికి రోజుకు నాలుగు లీటర్ల నీళ్లు కారులో ఉండాలన్నాను. జూలైలో వానలు మొదలైతే ఎండిన వాగులో డేరా వేయకూడదు, కారు ఆపకూడదు. 1997 ఆగస్టులో యాంటిలోప్ క్యాన్యన్‌లో నెత్తిన చుక్క పడకుండానే, ఎక్కడో మైళ్ల అవతల కురిసిన వాన వరదై వచ్చి 11 మందిని తీసుకుపోయింది. వదిన అన్నీ విని, కుక్కరు తీసుకుపోవచ్చా అని అడిగింది. మా కుక్కరు పెద్దోడి దగ్గరే ఉంది, ఫోను చేసి చెప్తాను, తీసుకో అన్నాను.